వదిన దొంగచూపులు

మా వదిన దొంగచూపులు చూస్తోందని ఆ ఎండాకాలం ఒక కంప్యూటరు ఫిర్యాదు చేసింది.

అదే మాట మనుషులెవరైనా అని ఉంటే నవ్వేసి ఊరుకునేవాళ్ళం. మా వదినకి చాటుమాటు వ్యవహారాలు చేతకావు. కొత్తగా మా ఇంటికొచ్చిన వారంలోనే నా వంట బాగోలేదని నా మొహం మీదే చెప్పింది. మర్నాటినుంచి తనే వండి, అది ఇంకా అన్యాయంగా ఉందని కూడా తనే చెప్పింది. ఆ రోజునుంచే మా ఇద్దరికీ జత కుదిరింది. అలాంటి మనిషి పరీక్షలో కాపీ కొట్టిందట. అది కూడా ఇంకొక్క పేపరు పాసైతే డిగ్రీ చేతికొచ్చే సమయంలో.

వదిన సిటీ బస్సు నడుపుతుంది. అన్నయ్య దర్జీ. వీధివైపు గదిలో ఆయన కుట్టుమిషను, బట్టల గుట్టలు. మధ్యగదిలో మా ముగ్గురి కాపురం. వెనకగదిలో ఒక అద్దాల బీరువా, ఒక టేబులు, దానిమీద వదిన కంప్యూటరు. నేను చంటిపిల్లల బడిలో టీచర్ని. బడికి వేసవి సెలవులు కాబట్టి ఆ కథంతా గుమ్మంలో కూర్చుని చూసే భాగ్యం నాకే దక్కింది.

అసలు గొడవంతా వదిన ఎడమ మోకాలితో మొదలైంది. ఏళ్ళతరబడి క్లచ్ తొక్కీ తొక్కీ అది మొరాయించింది. డిపో డాక్టరు ఫొటోలు తీయించి, ఈ ఎండాకాలం వరకూ సరే, ఆ తర్వాత స్టీరింగు పట్టుకోవడానికి వీల్లేదు అని రాసిచ్చేశాడు. ఆ తర్వాత ఏమిటి? డిపోలో బస్సులు కడిగే పని ఉంది, వంగిన నడుం ఎత్తకుండా చెయ్యాలి. లేదా కంట్రోల్ రూమ్. ఊళ్ళో తిరిగే బస్సులన్నీ తెరలమీద కనబడే గది అది. ఏ బస్సు ఎక్కడ ఇరుక్కుంది, దాని బదులు ఏది పంపాలి అని అక్కడినుంచే చెబుతారు. అందులో ఉండే పెద్దాయన వేసవి చివర్లో రిటైరవుతున్నాడు. వదిన పనితనం తెలిసిన మనిషి. "డిగ్రీ తీసుకొచ్చి చూపించమ్మా, ఈ కుర్చీ నీదే. అది లేకపోతే మాత్రం నేను చెప్పినా ఎవరూ వినరు" అన్నాడట.

డిగ్రీ అంటే రవాణా నిర్వహణలో డిగ్రీ. మోకాలు మొదటిసారి కలుక్కుమన్న రోజుల్లోనే వదిన ముందుచూపుతో ఆన్‌లైన్లో చేరింది. క్లాసుకి వెళ్ళక్కర్లేదు, ఉద్యోగం మానక్కర్లేదు, ఇంట్లో కూర్చుని చదువుకోవచ్చు అని ప్రకటనలో ఉంది. ఇంట్లో కూర్చునే తీరిక ఎక్కడిదో ఆ ప్రకటనలో లేదు. వదిన ఆ తీరికని తనే పుట్టించుకుంది. చెవుల్లో పాఠం వింటూ బట్టలు ఆరేసేది. ఆఖరి స్టాపులో బస్సు ఆగిన కాసేపట్లో, డ్రైవర్ల గదిలో బెంచీమీద కాలు చాపుకుని ఒక పేజీ చదివేది. ఆవిడతో కలిసి ప్రాజెక్టు చేసే పిల్లలు ఎక్కడెక్కడో ఉండేవాళ్ళు. లెక్కల పట్టికలు ఎలా వెయ్యాలో వాళ్ళు ఓపిగ్గా నేర్పారు. బదులుగా మొదటి బస్సుకి లేచే మా వదిన వాళ్ళందరికీ ఫోన్లు చేసి నిద్ర లేపేది. లేవని వాళ్ళకి, బస్సులో నిద్రపోయిన ప్రయాణికుడికి పెట్టినట్టే, చీవాట్లు పెట్టేది. ఆ బ్యాచ్‌లో ఒక్కళ్ళు కూడా పని ఆలస్యంగా ఇవ్వలేదంటే ఆ పుణ్యం మా వదినదే.

అన్నయ్య మొదట్లో ఈ చదువుని పెద్దగా పట్టించుకోలేదు. ఎవరైనా బట్టలకోసం వచ్చి, ఆవిడ కనబడటంలేదేమని అడిగితే, లోపల కంప్యూటరు చూస్తోంది అనేవాడు, సినిమా చూస్తోంది అన్నట్టు. కానీ మనిషి చెడ్డవాడు కాదు. వదిన చదువు ముదిరేకొద్దీ, నా వంట రుచి తెలిసినవాడు కాబట్టి, గరిటె తనే అందుకున్నాడు. టేపు మెడలో వేసుకునే వండేవాడు. మా ముగ్గురిలో చక్కగా వండగలిగింది ఆయనే అని అప్పుడు తెలిసింది.

ఆఖరి పేపరు రోజు ఇంట్లో హడావుడి అంతా ఇంతా కాదు. పరీక్ష ఇంట్లోనే, కంప్యూటరు ముందే. కాపలా కాసేది మనిషి కాదు, కెమెరా వెనక ఉన్న ఒక ప్రోగ్రాము. దాని నియమాలు చాంతాడంత ఉన్నాయి. గదిలో ఇంకెవరూ ఉండకూడదు, కాగితాలు ఉండకూడదు, గోడమీద రాతలు ఉండకూడదు, అద్దాలు ఉండకూడదు. రాసేముందు గది నాలుగు మూలలూ కెమెరాకి తిప్పి చూపించాలి. నేను కేలండరు పీకేశాను. అన్నయ్య ఎవరిదో సగం కుట్టిన కర్టెను తెచ్చి బీరువా అద్దాలమీద కప్పి, ఎందుకైనా మంచిదని నాలుగు గుండుసూదులు గుచ్చాడు. స్టీలు చెంబు కూడా మెరుస్తోందని బయట పెట్టేశాడు. తర్వాత మిషను ఆపేసి, కాలుగాలిన పిల్లిలా వీధిగదిలో తిరిగాడు.

గదిలో ఉన్న అద్దాలన్నీ కప్పేశాం. వదిన తలలో ఉన్న అద్దాల సంగతి మా ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు.

పరీక్ష బాగా రాసిందావిడ. బయటికొచ్చి, "అన్నీ తెలిసినవే అడిగారు" అంటూ మంచినీళ్ళు తాగింది. ఇక డిగ్రీ చేతికొచ్చినట్టే అనుకున్నాం.

కొన్నాళ్ళకి యూనివర్సిటీనుంచి ఉత్తరం వచ్చింది, మెయిల్లో. పరీక్ష సమయంలో అభ్యర్థి చూపు పదేపదే తెరకి ఎడమవైపు, పైకి, కుడివైపు వెళ్ళిందని, ఇది అనుమానించదగ్గ ప్రవర్తన అని, అందువల్ల ఫలితం ఆపేస్తున్నామని ఉంది. సాక్ష్యంగా వీడియో ముక్క కూడా జతచేశారు. ముగ్గురం తలలు కలిపి చూశాం. తెరలో వదిన టైపు చేస్తోంది. కళ్ళు మాత్రం చటుక్కున ఎడమకి, ఆ వెంటనే పైకి, ఆ వెంటనే కుడికి, మళ్ళీ తెరమీదకి. కాసేపటికి మళ్ళీ అలాగే. చూసేవాళ్ళకి చుట్టూ చీటీలు అంటించుకున్నట్టే ఉంది.

వదిన నోరు వెళ్ళబెట్టింది. "నేను చూడలేదు. తెరవైపే చూశాను" అంది. తన కళ్ళు తనకి తెలియకుండా కదిలాయంటే ఎవరు నమ్ముతారు? అన్నయ్య ఆ వీడియోని మళ్ళీ తిప్పి చూశాడు. చివరికి అడగనే అడిగాడు.

"నిజం చెప్పు. గోడకేమైనా అంటించావా?"

వదిన ఆయనవైపు చూసింది. లేచి వెళ్ళి యూనిఫాం చొక్కా ఇస్త్రీ చేసుకుంది. ఆ రోజంతా ఆ ఇంట్లో ఇస్త్రీపెట్టె, మిషను తప్ప ఎవరూ మాట్లాడలేదు. నాకు అన్నయ్యమీద పీకలదాకా కోపం వచ్చింది. కానీ ఉన్నమాట చెప్పాలంటే ఆ వీడియో చూశాక నాకూ జవాబు తోచలేదు.

జవాబు మర్నాడు నా కళ్ళ ముందుకే వచ్చింది. బజారులో పనుండి వదిన బస్సే ఎక్కాను. ముందువైపు, ఆవిడ పక్కనుంచి కనబడే సీటు దొరికింది. బస్సు కదిలింది. వదిన కళ్ళు ఎడమ అద్దంమీదకి వెళ్ళాయి, ఎక్కేవాళ్ళు, తలుపు. తర్వాత పైన అద్దం, లోపల నిలబడ్డవాళ్ళు. తర్వాత కుడి అద్దం. వెనకనుంచి వచ్చే బళ్ళు. మళ్ళీ రోడ్డు. నాలుగు దుకాణాలు దాటగానే మళ్ళీ ఎడమ, పైన, కుడి. ఊపిరి పీల్చినంత సహజంగా, తాళం తప్పకుండా. ఆ వీడియోలో ఉన్న తాళమే. నేను దిగాల్సిన స్టాపు దాటిపోయింది. నేను దిగలేదు. సీట్లో కూర్చుని నాలో నేనే నవ్వుకుంటుంటే పక్కనున్నావిడ కాస్త దూరం జరిగింది.

సాయంత్రం ఇంట్లో ఈ సంగతి చెప్పాను. వదిన మొదట నమ్మలేదు. ఎదురుగా కూర్చోబెట్టి అదీ ఇదీ మాట్లాడిస్తూ, కళ్ళు కదిలినప్పుడల్లా అదిగో అదిగో అంటుంటే అప్పుడు నమ్మింది. నమ్మాక విరగబడి నవ్వింది. "అయితే ఇంట్లో కూడా బస్సు నడుపుతూనే ఉన్నానన్నమాట" అంది. అన్నయ్య మాత్రం నవ్వలేదు. నిన్న అడిగిన మాట ఆయన గొంతులో అడ్డం పడి ఉంది.

ఇదంతా రాసి యూనివర్సిటీకి పంపాం. వాళ్ళ జవాబు మర్యాదగానే ఉంది, మనిషి రాసినట్టు మాత్రం లేదు. దారులు రెండే. ఒకటి, అదే కెమెరా ముందు మళ్ళీ పరీక్ష రాయడం. తేదీ దగ్గర్లోనే ఉంది, కానీ ఈసారి కూడా అలాంటి చూపులే నమోదైతే అంతవరకూ పాసైన పేపర్లతో సహా చదువు రద్దు. రెండోది, కమిటీ ముందు వాదించుకోవడం. ఎప్పుడు పిలుస్తారో, ఎప్పుడు తేలుస్తారో చెప్పలేరు. వేసవి చివరికి కాగితం చేతిలో లేకపోతే కంట్రోల్ రూమ్ కుర్చీ ఇంకొకరిది.

మొదటి దారే మంచిదని అన్నయ్య అన్నాడు. కాసేపు కళ్ళు కదలకుండా ఉంచితే పోయేదానికి కమిటీలు, వాదనలు ఎందుకన్నాడు. వదినకీ అదే సబబనిపించింది. నేర్పే భారం నామీద పడింది. చంటిపిల్లల్ని కుదురుగా కూర్చోబెట్టడం నా వృత్తే కదా అని నేనూ నడుం బిగించాను.

అన్నయ్య బట్టలమీద గీతలు గీసే సుద్దతో కంప్యూటరు తెర అంచున ఒక చుక్క పెట్టాడు. కళ్ళు బెదిరినప్పుడల్లా ఆ చుక్కమీదకి రావాలి. నేను ఎదురుగా చెంచా, పళ్ళెం పట్టుకుని కూర్చున్నాను. వదిన చదువుతుంటుంది. కళ్ళు ఎడమకి వెళ్తే టంగ్. పైకి వెళ్తే టంగ్. మొదటిరోజు ఆ మోతకి పక్కింటివాళ్ళు వచ్చి ఏమిటని అడిగారు. "మా ఆడపడుచు నాకు బుద్ధి చెబుతోంది" అని వదిన వాళ్ళని పంపించేసింది. అన్నం తింటున్నప్పుడూ టంగ్, నాతో కబుర్లాడుతున్నప్పుడూ టంగ్. తల ప్రాణం తోకకొచ్చింది ఇద్దరికీ. కానీ వదిన పట్టిన పట్టు విడిచే రకం కాదు. రోజులు గడిచేకొద్దీ చెంచాకి పని తగ్గింది. ఒక మధ్యాహ్నం పాఠం మొత్తం చదివింది, చెంచా మోగనే లేదు. కళ్ళు రెండూ తెరమీద మేకు కొట్టినట్టు నిలబడ్డాయి. నేను పళ్ళెం కింద పెట్టి చప్పట్లు కొట్టాను. అన్నయ్య మిషను ఆపి వచ్చి చూసి, ఇక భయం లేదన్నాడు.

ఆ తర్వాత రెండుమూడు రోజులకే వదిన డ్యూటీనుంచి వచ్చి చొక్కా మేకుకి తగిలించింది. దొడ్లోకి వెళ్ళి మొహం కడుక్కుంది. అవసరమైనదానికంటే చాలాసేపు కడుక్కుంది. తర్వాత వచ్చి మధ్యగదిలో మంచంమీద కూర్చుంది. నేను పళ్ళెం, చెంచా తీసుకుని వెళ్తే, అవి అక్కడ పెట్టెయ్యమంది.

ఏమైందని అడిగితే తాపీగా చెప్పింది. ఆసుపత్రి స్టాపులో జనం ఎక్కారు, తలుపు మూసింది, బస్సు తీసింది. కండక్టరు ఒక్కసారి అరిచి రేకు బాదాడు. బ్రేకు వేసింది. ఎడమవైపు, తలుపు దగ్గర, ఒక ముసలాయన బస్సుని పట్టుకుని పరిగెడుతున్నాడు. ఆయన చెయ్యి కమ్మీకే ఉంది. బస్సు ఇంకొంచెం ముందుకి వెళ్తే చక్రం కిందికి వచ్చేవాడే. ఏమీ కాలేదు. తలుపు తీస్తే ఎక్కి, రొప్పుతూ సీట్లో కూర్చున్నాడు.

"ఎడమ అద్దం చూడలేదు నేను" అంది వదిన. "ఇన్నేళ్ళలో ఎప్పుడూ అలా జరగలేదు."

ఏదో ఒకటి అనాలి కాబట్టి, అలసిపోయి ఉంటావు వదినా అన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది. లేచి కంప్యూటరు దగ్గరికి వెళ్ళి, తెర అంచున ఉన్న సుద్దచుక్కని బొటనవేలితో తుడిచేసింది. తర్వాత వేలిని చీర కొంగుకి రాసుకుని, టీ పెడతావా అని అడిగింది.

భోజనాల దగ్గర అన్నయ్యకి చెప్పింది, రెండో పరీక్ష రాయనని, కమిటీ దగ్గరికే వెళ్తానని. ఆయన ముద్ద కిందపెట్టేశాడు. కమిటీ ఎప్పటికి తేలుస్తుంది, ఈలోగా వేసవి అయిపోతే స్టీరింగూ ఉండదు, కుర్చీ ఉండదు, ఆ మోకాలితో వంగి బస్సులు కడుగుతావా అని ఒంటికాలిమీద లేచాడు. ఆయన భయం ఆయనది. రోజూ ఆ మోకాలికి వేడినీళ్ళ కాపడం పెట్టేది ఆయనే. పరీక్ష అయ్యేదాకా ఆ కళ్ళు అలా ఉంచు, తర్వాత ఎలాగూ డ్రైవింగు మానేస్తావు కదా అని బతిమాలాడు.

వదిన అంతా విని, "మానేసేదాకా నడపాలి కదండీ" అంది.

అన్నయ్య మళ్ళీ ముద్ద అందుకున్నాడు. ఆ క్షణంలో మా వదినంటే నాకు కలిగిన గౌరవం ఎలా చెప్పాలో ఇప్పటికీ తెలియదు. ఏళ్ళు కష్టపడి చదివిన చదువు, రేపటి ఉద్యోగం, తన మోకాలు, అన్నీ ఒకవైపు ఉన్నాయి. ఇంకోవైపు పేరు కూడా తెలియని ముసలాయన ఒకడు, అదీ దెబ్బ కూడా తగలనివాడు. ఆవిడ పెద్దగా ఆలోచించినట్టు కూడా కనబడలేదు. మజ్జిగ పోసుకుని భోజనం ముగించింది.

మర్నాడే కమిటీకి అర్జీ పంపాం. తర్వాత రోజులు ఈడ్చుకుంటూ నడిచాయి. నేను కళ్ళలో వత్తులు వేసుకుని మెయిలు చూసేదాన్ని. కంట్రోల్ రూమ్ పెద్దాయన రెండుసార్లు ఫోన్ చేసి ఏమైందమ్మా అని అడిగాడు. వదిన మాత్రం డ్యూటీకి వెళ్ళేది, వచ్చేది, ఏ పేపరు ఫలితం ఆపేశారో దాని పుస్తకమే మళ్ళీ చదివేది. నేను ఆవిడ కళ్ళవైపే చూసేదాన్ని. మొదట్లో తడబడ్డాయి. కొన్నాళ్ళకి మళ్ళీ ఎడమ, పైన, కుడి మొదలయ్యాయి. అవి తిరిగి రావడం చూసి నా ప్రాణం కుదుటపడింది.

వేసవి సగానికి పైగా కరిగిపోయాక కమిటీ పిలిచింది, వీడియోలోనే. అన్నయ్య ఆ రోజు మిషను తెరవలేదు. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, కెమెరాకి కనబడకుండా గుమ్మం పక్కన నిలబడ్డాడు. ఆయన పక్కన నేను. తెరమీద ముగ్గురు. మధ్యలో తెల్లజుట్టు ప్రొఫెసరమ్మ, ఒక పక్క కళ్ళజోడు కుర్రాయన, ఇంకో పక్క కాగితాలు తిరగేసే ఆఫీసరు. వదిన జరిగింది జరిగినట్టు చెప్పింది. బస్సు, అద్దాలు, అలవాటు. కుర్రాయన ఎగతాళిగా కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు.

"పరీక్ష జరిగేంతసేపు కళ్ళు కదలకుండా ఉంచడం అంత కష్టమాండీ?"

"కష్టం కాదండీ. నేర్చుకున్నాను కూడా. మా ఆడపడుచు నేర్పింది."

"మరి ఇంకేం?"

"బస్సులో కూడా అలాగే ఉండిపోయాయండీ. ఒక పెద్దాయన ఎడమవైపు బస్సు పట్టుకుని పరిగెడుతుంటే నేను చూడలేదు."

కాగితాలు తిరగేసే ఆఫీసరు తిరగేయడం ఆపాడు. ఆ పెద్దాయనకి ఏమైందని ప్రొఫెసరమ్మ అడిగింది.

"ఏమీ కాలేదండీ. ఎక్కి కూర్చున్నారు. దిగేటప్పుడు, ఆపినందుకు నాకు థాంక్స్ కూడా చెప్పారు." వదిన కుర్చీని తెరకి కాస్త దగ్గరగా జరుపుకుంది. "నాకీ డిగ్రీ కావాలండీ. చాలా కావాలి. కానీ రేపు పొద్దున కూడా నేను బస్సు తియ్యాలి."

నా పక్కన అన్నయ్య గోడవైపు తిరిగాడు. ఆయన భుజాలు కదలడం చూసి నేను చూడనట్టే ఊరుకున్నాను. తెరమీద ప్రొఫెసరమ్మ వదిననే చూస్తోంది.

"ఇప్పుడు కూడా చూస్తున్నారు" అందావిడ.

"ఏమిటండీ?"

"అద్దాలు."

వదిన సిగ్గుపడింది. ఆవిడ సిగ్గుపడగా చూడటం నాకదే మొదలు. ప్రొఫెసరమ్మ నవ్వింది, కుర్రాయన కూడా నవ్వాడు. నిర్ణయం తర్వాత తెలియజేస్తామని చెప్పి తెర మూసేశారు.

తెర నల్లబడ్డాక అన్నయ్య గదిలోకి వచ్చాడు. వదిన ఎదురుగా నిలబడి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మెడలో లేని టేపుకోసం తడుముకున్నాడు.

"ఆ రోజు గోడకి అంటించావా అని అడిగాను" అన్నాడు.

"అడిగారు."

"అడక్కుండా ఉండాల్సింది."

"అవును" అంది వదిన. అంతకుమించి సాధించలేదు. ఆకలేస్తోంది, ఏం వండారని అడిగింది. ఆ హడావుడిలో ఆయన ఏమీ వండలేదు. ముగ్గురం రొట్టె, పళ్ళు తిని లేచాం. అంత తేలిగ్గా ఉన్న భోజనం ఆ వేసవిలో ఇంకోటి లేదు.

కమిటీ ఆ కాపలా ప్రోగ్రాముని పక్కన పెట్టింది. మనిషి చూస్తుండగా మళ్ళీ పరీక్ష రాయమంది. అవతల కూర్చుని చూసే మనిషికి ముందే సంగతంతా చెప్పి పెట్టారు. ఆ పొద్దున అన్నయ్య దుకాణం తలుపు దగ్గరికి వేసి, వీధి మెట్టుమీద కూర్చున్నాడు. బట్టలకోసం వచ్చిన ప్రతివాళ్ళనీ రేపు రమ్మని వెనక్కి పంపాడు. ఎందుకని అడిగితే, "మా ఆవిడ డిగ్రీ పరీక్ష రాస్తోంది" అని చెప్పాడు. అడగనివాళ్ళకి కూడా చెప్పాడు. కొంతమందికి రవాణా నిర్వహణ అంటే ఏమిటో కూడా వివరించాడు. అది ఎంత పెద్ద గొంతుతో అంటే, కాస్త మెల్లగా చెప్పు అన్నయ్యా, అవతల పరీక్ష చూసే ఆయనకి కూడా వినబడుతుంది అని నేను వెళ్ళి కసరాల్సి వచ్చింది.

ఫలితం వచ్చేసరికి వేసవి చివరి వారంలో ఉన్నాం. మధ్యాహ్నం అలవాటుగా మెయిలు తెరిచాను. ఉత్తీర్ణురాలు అని ఉంది. కింద డిగ్రీ పేరు, వదిన పేరు. ఇంకోసారి చదివాను. అన్నయ్యని కేకేశాను. ఆయన చదివి, కుర్చీలో కూలబడి, నేలమీద పడ్డ దారపు ముక్కలు ఏరడం మొదలుపెట్టాడు. ఎందుకు ఏరుతున్నాడో ఆయనకే తెలియదు.

వదిన డ్యూటీలో ఉంది. బస్సు నడిపేటప్పుడు ఆవిడ ఫోను కట్టేసి ఉంటుంది. సాయంత్రందాకా ఆగడం నా వల్ల కాలేదు. చెప్పులేసుకుని పరుగెత్తాను. నేను వీధి చివరికి చేరేసరికి ఆవిడ బస్సు వస్తూనే ఉంది. ఎక్కాను. లోపల నిలబడటానికే చోటు లేదు. జనాన్ని తోసుకుంటూ ముందుదాకా వెళ్ళాను. డ్రైవరు వెనకున్న రేకుమీద, అందరికీ కనబడేలా, బండి నడిచేటప్పుడు డ్రైవరుతో మాట్లాడరాదు అని రాసి ఉంది.

నోటిదాకా వచ్చిన మాటని మింగేశాను. మా వదిన ఆ రాతని ఎంతగా నమ్ముతుందో నాకు తెలుసు. ఒకసారి అన్నయ్యే వెనకనుంచి ఏదో చెప్పబోతే కండక్టరు చేత ఆయన్ని వెనక సీటుకి పంపించింది.

పైన అద్దంలో ఆవిడ కళ్ళు నన్ను చూశాయి. ఒక్క క్షణం. తర్వాత కుడి అద్దంమీదకి వెళ్ళిపోయాయి. నేను కూడా లోపల నిలబడ్డ జనంలో ఒకదాన్ని, అంతే. మొహంలో ఏమీ తెలియకూడదని పళ్ళు బిగించాను. కండక్టరు నన్ను గుర్తుపట్టి ఏమిటమ్మా అన్నాడు. తల అడ్డంగా ఊపాను. బజారు వచ్చింది, ఆసుపత్రి వచ్చింది. ఆసుపత్రి దగ్గర ఆవిడ ఎడమ అద్దంలో ఎప్పటికంటే కొంచెం ఎక్కువసేపు చూసి, అప్పుడు తలుపు మూసింది. చంటిబిడ్డతో ఒకావిడ నిలబడి ఉంటే, ఆవిడ కమ్మీ పట్టుకునేదాకా బస్సు కదపలేదు. మలుపుల్లో మోకాలు నొప్పి పుట్టినప్పుడు మెడ నరం ఒకటి బిగుసుకోవడం నేను వెనకనుంచి చూస్తూనే ఉన్నాను. బస్సులో ఒక్కొక్కళ్ళే దిగిపోతున్నారు. ఆవిడ కళ్ళు నావైపు వచ్చినప్పుడల్లా వచ్చి, వెళ్ళిపోయాయి. నాకు ఏడుపొచ్చేసింది. అయినా ఆవిడ వేగం పెంచలేదు, తగ్గించలేదు.

ఆఖరి స్టాపు. తలుపు తెరిచింది. చివరి మనిషి దిగేదాకా ఎడమ అద్దంలో చూసింది. హ్యాండ్‌బ్రేకు లాగింది. ఇంజను ఆపింది. మోకాలు ఒకసారి రుద్దుకుని, సీట్లోనే వెనక్కి తిరిగింది.

"ఇప్పుడు చెప్పు" అంది.

"పాసయ్యావు వదినా."

ఆవిడ నా మొహంలోకి చూసింది. ఆ కళ్ళు ఎడమకి వెళ్ళలేదు, పైకి వెళ్ళలేదు, కుడికి వెళ్ళలేదు. నా మొహంమీదే ఆగిపోయి, మెల్లగా నిండాయి. కండక్టరు మమ్మల్ని చూసి, టీ తాగొస్తానని దిగిపోయాడు.

కాసేపటికి తిరుగు ట్రిప్పు జనం ఎక్కడం మొదలుపెట్టారు. వదిన చొక్కా చేతితో మొహం తుడుచుకుని, ముందుకి తిరిగి, ఎడమ అద్దంకేసి చూసింది.

"కూర్చో" అంది. "ఇంటికి తీసుకెళ్తాను."